సుజాత రాసిన చిలుక

పదకొండేళ్ళుగా ఈ మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. ఇంట్లోవాళ్ళకు చెప్పలేదు. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెబుతున్నాను.

నేను తెలుగువాళ్ళు బతకడానికి వలస వచ్చే కామత్‌ఘర్‌లో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాణ్ణి. నీళ్ళు రాకపోయినా, మురుగు మోరీ నిండినా అర్జీ రాసేది నేనే. నన్ను తేలిక చేసినవాళ్ళను మరిచిపోను. మా కార్ఖానాలో నూలు కండెలు చుట్టే సుజాత, కొడుకు తొట్టెల పండుగకు మా ఇళ్ళ లైనంతా పిలిచి నన్ను వదిలేసింది. అదీ మరిచిపోలేదు.

ఆ సుజాతే ఒక రోజు నాలుగు నోటుబుక్కులు తెచ్చిచ్చింది. పిల్లల నవల. ఆమె పంజరంలో పెట్టి కార్ఖానాకు తెచ్చుకునే చిలుకే అందులో కథ చెబుతుంది. ముగింపు ఇంకా రాయాలట. మా లైన్లో తెలుగు పుస్తకాలు చదివేది నేనొక్కణ్ణే.

తప్పులు పట్టాలనే మొదలుపెట్టాను. మొదటి పేజీలోనే చెయ్యి ఆగిపోయింది.

సాంచాల మోతలో మా గొంతులు వినబడవు. పెదాలు కదిలిస్తాం, చేతులు ఊపుతాం. అది చూసి ఆ చిలుక మనుషులంతా మూగవాళ్ళనుకుంటుంది. మాట్లాడేవి సాంచాలే అనుకుని వాటి భాష నేర్చుకుంటుంది. ఒక రోజు కరెంటు పోతుంది. ఒక్కసారిగా మనుషులకు గొంతులు వస్తాయి. ఒకరు దగ్గుతారు, ఒకామె నవ్వుతుంది, ఎవరో ఎవరినో పేరు పెట్టి పిలుస్తారు. చిలుక వణికిపోతుంది. ఆనాటి నుంచి రోజూ కరెంటు పోవాలని ఎదురుచూస్తుంది.

ముప్పై ఏళ్ళు అదే మోతలో నిలబడ్డాను. కరెంటు పోతే అర్జీ రాయడం తప్ప నాకేం తోచింది? ఆమె కండెలు చుడుతూ చుడుతూ ఒక పిట్ట గుండెలో దూరి, అక్కణ్ణుంచి నా బతుకును నాకు చూపించింది. దండం పెట్టాలనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

మూడో పుస్తకంలో ఒక మనిషి వచ్చాడు. మోత ఆగినా అరుస్తూనే ఉంటాడు. అతని గొంతు వింటే చిలుక రెక్కలో తల దాచుకుంటుంది.

నా గొంతూ పెద్దదే. అది నేనే అనుకున్నాను. ఊళ్ళో పిల్లలంతా చదివి నవ్వడానికి నన్ను రాసిందనుకున్నాను. నాలుగోది తెరవనే లేదు. ఫలానా చోట చిలుకను పంజరంలో పెట్టారు, అది నేరం అని జంగిల్ ఖాతాకు, అదే అటవీ శాఖకు, రాశాను. నేరమే. కానీ నాకు పిట్ట మీద జాలా? జాలే అయితే తలుపు తెరవమని సుజాతకే చెప్పేవాణ్ణి కదా? నేను సంతకం లేకుండా రాసిన అర్జీ అదొక్కటే.

వాళ్ళు వచ్చి పంజరంతో సహా తీసుకుపోయారు. వారం తర్వాత సుజాత మా గడప దగ్గర నిలబడింది.

"కాకా, నువ్వు అర్జీ రాస్తె పనైతదంటరు. నా చిలుకను ఇయ్యమని రాయి."

"ఇయ్యరు బిడ్డా. చట్టం ఒప్పుకోదు."

"ఆఖర్ల దాన్ని ఇడిసిపెట్టుడే ఉండె కాకా. ముందుగాల బుక్కుల ఇడిసిపెట్టి, అటెనుక నిజంగనే ఇడిసిపెడ్తననుకున్న. ఇప్పుడెట్ల రాయాలె? అది ఎట్ల ఎగురుతదో నేను సూడనే లేదు."

ఉండబట్టలేక అడిగాను. "ఆ అరిచేటోడు ఎవలు?"

"మా బాపు. సాంచాలకాడ చెవులు పోయినయి గద. ఉప్పు అడిగినా కొట్లాటకొచ్చినట్టే ఉంటది." కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. "ఏంది, నువ్వేననుకున్నవా? గీ కామత్‌ఘర్ల అరువనోడు ఎవడున్నడు కాకా!"

అప్పుడు చెప్పాల్సింది. చెప్పలేదు. అర్జీ రాసి, సంతకం ఎక్కడ చెయ్యాలో ఆమెకు చూపించాను. జవాబు రాలేదు.

ఆమె వెళ్ళాక నాలుగో పుస్తకం చదివాను. ఆ మనిషికి వినబడదని చిలుకకు తెలుస్తుంది. తన పంజరంలాగే ఆయనకూ చెవుల చుట్టూ ఏదో ఉందనుకుంటుంది. అప్పటి నుంచి ఆయన అరిస్తే దగ్గరికి జరిగి వింటుంది. అక్కడ నేను ఏడ్చాను. ఆ తర్వాత సగం పేజీ రాసి ఉంది, మిగతాదంతా ఖాళీ.

సుజాత మళ్ళీ రాయలేదు. ఇప్పుడు మాన్కోలి గోదాములో పనికి పోతుంది. షేర్ ఆటోలో కనిపిస్తే "మంచిగున్నవా కాకా" అంటుంది. నోటుబుక్కులు నా దగ్గరే ఉన్నాయి. ఆమె అడగదు. ఇవ్వడానికి నాకు మొహం లేదు.

సుజాతా, ఆ చిలుకను పట్టించింది నేనే.

ఈ వాక్యం ఇంతకుముందు ఎక్కడా రాయలేదు. క్షమించమని అడగను. రాశాక మాత్రం, ఊపిరి కొంచెం లోపలిదాకా పోతోంది.