ఆపమన్న మందు

నలుగురిలో ఎవరూ చెయ్యెత్తకపోతే నాకు ఊరికే ఉండబుద్ధి కాదు. ఆ గుణం వల్లే, రెండువేల దశకం నడుమ, నాలుగైదు దేశాల క్షయ పరిశోధన ల్యాబులకు సమన్వయకర్తనై కూర్చున్నాను. ఏ రోగిలో ఏ రకం క్షయ క్రిమి ఉందో డీఎన్‌ఏను బట్టి పోల్చుకుంటే, జబ్బు ఎవరి నుంచి ఎవరికి పోతోందో తెలుస్తుందని అందరం కలిసి మొదలుపెట్టిన పని అది. ఫారాలు తయారుచేయాలి, నమూనాల లెక్క చూడాలి, ఎవరి ల్యాబులో తప్పు జరిగినా నిలదీయాలి. దీనికి జీతం లేదు. జీతం లేని కలెక్టరు అని మా ఆయన ఎగతాళి చేసేవాడు. కర్నూలులో మా కాలేజీ ఇంటర్నెట్ ఎప్పుడూ పడకేసి ఉండేది కాబట్టి, ఈ కలెక్టరాఫీసు బస్టాండు పక్కన ఇంటర్నెట్ సెంటర్లో నడిచేది.

ఒకరోజు అక్కడే ఆ ఉత్తరం చదివాను. డీఎన్‌ఏ పరీక్షలు చేసే విదేశీ ల్యాబు నుంచి వచ్చింది. మేం పంపిన వాటిలో రెండు నమూనాల క్రిములు అచ్చంగా ఒకటేనట. ఒకటి బద్వేలు మనిషిది, రెండోది కోయిలకుంట్ల ఆడమనిషిది. ఫారంలో ఇద్దరికీ చిల్లర వ్యాపారం అని రాసి ఉంది. ఇద్దరి ఊర్ల మధ్య వంద కిలోమీటర్ల పైనే దూరం, చుట్టరికం లేదు. కానీ మా ల్యాబులో వాళ్ళ కఫం గొట్టాలు ఒకే రోజు, పక్కపక్కనే తెరిచారు. పైగా ఆమె కఫంలో మైక్రోస్కోపు కింద క్రిమి కనబడలేదు, ల్యాబులో క్రిమిని పెంచి చూసే కల్చర్లో మాత్రమే పెరిగింది. ఆయన గొట్టంలోని క్రిమి ఆమె గొట్టంలో పడి ఉంటుందని వాళ్ళు మర్యాదగానే రాశారు. అదే నిజమైతే ఆమెకు అసలు క్షయ లేనట్టే. లేని జబ్బుకు నెలల తరబడి అన్ని మందులు మింగుతున్నట్టే.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నేరుగా ల్యాబుకు వెళ్ళి మా టెక్నీషియన్ మీద విరుచుకుపడ్డాను. ఆయన నాకన్నా పదేళ్ళు పెద్ద, కర్నూలు పాతబస్తీ మనిషి. నేను చేరకముందు నుంచీ ఆ గది ఆయనదే. నేను అరిచినంతసేపూ నిలబడి విని, చివరికి ఒకటే చెప్పాడు.

"ఒక గొట్టం మూసినాకనే ఇంగోటి తెరుస్తా మేడం. ఆ పొద్దూ అంతే. నా చెయ్యి తప్పలే."

నేను నమ్మలేదు. కల్చర్ పని నుంచి తప్పించి గాజు సామాను కడిగే పనిలో పెట్టాను. వెళ్ళి కడిగాడు. అంతటితో ఆగలేదు. అదే రోజు, ఆయన వింటుండగానే, కోయిలకుంట్ల ఆసుపత్రి డాక్టరుకు ఫోన్ చేసి, నేను విచారణ ముగించేదాకా ఆమె మందులు ఆపించమని చెప్పాను. నా ల్యాబు విషయంలో నేనే ఎక్కువ కఠినంగా ఉన్నానని దేశదేశాల వాళ్ళు చూడాలనే గీర కూడా అందులో ఉండిందని ఇప్పుడు ఒప్పుకుంటాను.

విచారణ అంటే ఇద్దరు రోగులనూ వాళ్ళ ఇళ్ళ దగ్గర కలవాలి. ఆ నియమం కూడా నేను పెట్టిందే. ఆరో రోజున తీరిక చేసుకుని ముందు బద్వేలు వెళ్ళాను. ఆయన బొరుగులు, కారాలు అమ్ముకునే మనిషి. మందులు సగం పూర్తయి, దగ్గు తగ్గి, ఒంటికి కొంచెం కండ పట్టింది. కోయిలకుంట్లకు ఎప్పుడైనా వెళ్ళారా అంటే అది యాడుండాదో తెలీదన్నాడు. ఆ వైపు తెలిసినవాళ్ళూ లేరట. ఇక అయిపోయిందనుకుని, ఫారంలో లేదు అని రాసుకుని లేచాను.

బయట ఆయన భార్య పెద్ద టార్పాలిన్ పట్టను ఎండలో పరిచి చిరుగులు కుడుతోంది. ఇదెందుకమ్మా అని ఊరికే అడిగాను. ఒంటిమిట్ట తిరునాలకు అంది. ఏటా తేరు బజారులో అదే చోట అంగడి పెట్టుకుంటారట. ఒక్కరికి ఇంత పట్ట ఎందుకన్నాను.

జవాబు ఆయన చెప్పాడు. "మాకొక్కరికే కాదమ్మా, పక్కన గాజులక్క ఉంటాది. ఇద్దరికీ ఒకటే పట్ట కడతాం. తిరునాల అయ్యేదంకా ఆడనే వంట, ఆడనే పడక. ఆడ అయిపోతే ఇద్దరం ఇంగో తిరునాలకు పోతాం. పోయినేడు నేను దగ్గుతాంటే శొంఠినీళ్ళు కాంచిచ్చింది ఆయమ్మే."

గాజులక్కది ఏ ఊరని అడిగాను. ఇద్దరికీ తెలియదు. కర్నూలు దిక్కు అని మాత్రం తెలుసు. తిరునాళ్ళలో ఒకరినొకరు అమ్మే సరుకుతోనే పిలుచుకుంటారు. ఇంటిపేరూ ఊరిపేరూ ఎవరూ అడగరు. ఆమె గడ్డం మీద పచ్చబొట్టు ఉంటుందని చెప్పాడు. కోయిలకుంట్ల ఆమె ఫారంలో, గుర్తింపు పుట్టుమచ్చల గడిలో నేను చదివింది అదే.

ఇంట్లో ఎవరున్నారు, ఊర్లో ఎవరెవరితో తిరిగారు అని ఫారంలో రెండు పుటల ప్రశ్నలు పెట్టినదాన్ని, ఏ తిరునాళ్ళకు వెళతారని ఒక్క ముక్క పెట్టలేదు. తర్వాత ఆ ప్రశ్న చేరిస్తే, ఇంకో ఖండంలోని ల్యాబు వాళ్ళు, మాకూ ఇలాంటి సంతలున్నాయి, మేమూ అడగలేదని సిగ్గుపడుతూ రాశారు. కానీ ఆ క్షణంలో నాకు ఫారం గుర్తు లేదు. ఆమెకు జబ్బు నిజమే. నిజమైన జబ్బుకు మందు ఆపించి ఆరు రోజులైంది. క్షయ మందు మధ్యలో ఆగితే క్రిమి మొండికేస్తుందని పిల్లలకు పాఠం చెప్పే మనిషిని.

ఆసుపత్రికి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. మైదుకూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, ఎక్కిన బస్సల్లా నాకు నత్తలాగే అనిపించింది. కోయిలకుంట్లలో దిగి నేరుగా ఆమెకు మందులిచ్చే కిరాణా అంగడికి పోయాను. ప్రభుత్వ క్షయ పథకం ప్రకారం, వారానికి మూడు రోజులు రోగి ఆ అంగడి ముందుకొచ్చి, అంగడి సెట్టి చూస్తుండగా మాత్రలు మింగాలి. ఒక్కో రోగికి ఒక్కో మందుల పెట్టె, పైన పేరు రాసి ఉంటుంది.

నేనెవరో చెప్పి, ఆమెకు మాత్రలు ఎన్నాళ్ళ నుంచి ఆగాయని అడిగాను. పెద్దవాడైన ఆ సెట్టి కొంచెం బిగుసుకుపోయాడు.

"ఆపలేదు తల్లీ. ఆపమని ఆసుపత్రోళ్ళు ఫోన్లో చెప్పినారు. పెట్టె మింద ఆయమ్మ పేరుండాది, అంటే అది ఆయమ్మ సరుకు. ఒకరి సరుకు ఫోన్ మాట మింద నేనెట్ల ఆపేది? చీటీ పంపండి అంటి. చీటీ రాల్యా. ఇచ్చినా. తప్పైతే నన్ననండి, ఆయమ్మను ఏమనొద్దు."

పెట్టె తెరిచి చూపించాడు. ఒక్క పూట కూడా తప్పలేదు. నేను అక్కడే బియ్యం మూట మీద కూర్చుండిపోయాను. తప్పు మీది కాదు, నాది అన్నాను. ఆయన సోడా తెప్పించాడు. అంత హాయిగా నేను జన్మలో ఏదీ తాగలేదు.

ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూతు నుంచి మా ల్యాబుకు ఫోన్ చేశాను. ఎత్తింది టెక్నీషియనే. వాళ్ళిద్దరూ ఏటా ఒకే పట్ట కింద పడుకునేవాళ్ళని, గొట్టాలు కలవలేదని, మీ చెయ్యి తప్పలేదని గబగబా చెప్పేశాను. క్షమించమని కూడా అడిగాను.

"అట్లయితే ఆయమ్మకు జబ్బు నిజమే కదా మేడం," అన్నాడు. "మందు ఆపిస్తిరి కదా. ఏమైంది?"

ఆగలేదని చెప్పాను. ఆయన గట్టిగా ఊపిరి వదలడం ఫోన్లో వినిపించింది. ఆరు రోజులుగా గాజు సామాను కడుగుతూ ఆ మనిషి తన గురించి కాదు, ఆమె గురించి బెంగపడ్డాడని నాకు అప్పుడు తెలిసింది.