బావ కొట్టు ముందు జనం జాగా

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు, బావమరిది చేత ఇల్లు గీయించి చూడు అని మాత్రం అనలేదు. అంతటి విపత్తు వాళ్ల ఊహకు కూడా అందలేదన్నమాట. మా బావ చూశాడు. ఎలా చూశాడో చెబుతాను. మీలో ఎవరికైనా సొంత స్థలమూ, పుస్తకాలు చదివే బావమరిదీ రెండూ ఉంటే కాస్త శ్రద్ధగా వినండి.

అప్పట్లో నేను పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో గుమస్తాను. కాలేజీ గడప తొక్కలేదు గాని గ్రంథాలయం గడప అరగదీశాను. అక్కడ బీరువా అడుగున, చెదపురుగులు నాకంటే ముందే మొదలుపెట్టిన ఒక లావుపాటి పుస్తకం దొరికింది. ఆకాశాన్నంటే భవనాలు గీసిన ఒక వాస్తుశిల్పి జీవితకథ. ఆయన ఒక స్నేహితుడితో కలిసి కంపెనీ పెట్టాడట. బుర్ర ఈయనది, పలుకుబడి స్నేహితుడిది. ఇద్దరూ కలిసి దేశదేశాల్లో మేడలు లేపారట. అది చదివినన్నాళ్లూ నేను తలెత్తుకునే నడిచాను, కొబ్బరిచెట్ల చివర్లు చూస్తూ. మా ఉద్దానంలో అంతకంటే ఎత్తయినవి ఏమున్నాయి గనక.

సరిగ్గా అప్పుడే మా బావ అప్పన్న, స్టేషన్ రోడ్డు జాగాలో కింద జీడిపప్పు కొట్టు, పైన ఇల్లు కట్టాలనుకున్నాడు. జలంత్రకోటలో తన వాటా కొబ్బరితోట అమ్మి కొన్న జాగా అది. కొట్టు నడిస్తే సంసారం నడుస్తుంది, లేకపోతే లేదు. నేను వెళ్లి, మనిద్దరం ఒక కంపెనీ పెడదామన్నాను.

"బుర్ర నాది బావా. జాగా నీది."

"మరి డబ్బులో?"

"అవీ నీవే."

బావ మెతకమనిషి. పైగా పుస్తకాన్ని దేవుడి పటంలా చూస్తాడు. ఒప్పుకున్నాడు.

పుస్తకంలోని ఆ మహానుభావుడి సిద్ధాంతం ఒకటి నా బుర్రలో దిగబడిపోయి ఉంది. మేడ కట్టేవాడు స్థలమంతా మింగేయకూడదు. భవనాన్ని వెనక్కి జరిపి, ముందు జాగా జనానికి వదలాలి. పలకలు పరచాలి, బెంచీలు వేయాలి. పౌరులు వచ్చి కూర్చుని, తలెత్తి భవనాన్ని చూస్తారు. నేల విడిచి సాము చేయకూడదంటారు. నేను బావ చేత నేల విడిపించి మరీ సాము చేయించాను. పలాసలో ప్రతి కొట్టూ మెట్లతో సహా రోడ్డు మీదికి పాకుతుంటే, మాది ఒక్కటే కొత్తకోడలిలా లోపలికెళ్లి నక్కింది.

మా అప్ప, అంటే అప్పన్న బావ భార్య, నా తోడబుట్టిన అక్క, చూసి ఒకటే అడిగింది.

"ఒరే, ఇంత జాగా ఎవులికోసం వొగ్గేసినావు?"

"ప్రజల కోసం అప్పా."

"ప్రజలు మనకేటవుతారు రా?"

పాపం, చదువు లేని ప్రశ్న అనుకుని చిరునవ్వు నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

కొట్టు తెరిచిన రోజే మొదటి పౌరుడు వచ్చాడు, ఆటోతో సహా. టెక్కలి ఆటో నడిపే గున్నయ్య. ఎండగా ఉంది, రెండు నిమిషాలు ఆపుకోవచ్చా అని మర్యాదగా అడిగాడు. నా మొదటి పౌరుణ్ణి అలా బతిమాలుకోనిస్తానా? ఇది జనం జాగా అనీ, అడగక్కర్లేదనీ, నలుగురికీ చెప్పమనీ అన్నాను. గున్నయ్య మాట మీద నిలబడే మనిషి. నలుగురికీ చెప్పాడు.

వారం తిరిగేసరికి జీడిపండు మీద ఈగల్లా ఆటోలు ముసిరాయి. టెక్కలివి ఒక వరస, మందసవి ఒక వరస. బెంచీ మీద పౌరులు కూర్చున్న మాట నిజమే. ఒక్కడూ తలెత్తి భవనాన్ని చూడలేదు. ఆటో నిండిందా లేదా అని చూశారు. వాటి వెనక కొట్టుందని కొనేవాళ్లకు తెలియడం మానేసింది. ఖాళీగా ఉంది కదా అని గల్లాపెట్టెలో మా అప్ప దువ్వెన పెట్టుకుంది.

బావ వెళ్లి అడిగితే గున్నయ్య ఎంతో వినయంగా, "జనం జాగా అని మీ బామ్మర్ది బాబే సెప్పినారు కదండీ. మేం తీసేత్తే ఆ బాబు మాటేటవుతాది?" అన్నాడట. నా పరువు కోసమే ఆటో తియ్యలేదన్నమాట.

బావ నా దగ్గరికి వచ్చాడు. అరవలేదు. "తోట అమ్మి కొన్న జాగాలో ఆటోస్టాండు కట్టించినావు బామ్మర్దీ. నువ్వే ఎల్లి సెప్పు" అన్నాడు.

గంభీరంగా వెళ్లాను. తీరా చూస్తే కాగితపు జెండాలు, రిబ్బను, కొత్త బోర్డు. ఆ రోజే స్టాండు ప్రారంభమట. జాగా ఇచ్చిన పెద్దమనిషి చేతే రిబ్బను కత్తిరించాలని నాకోసం చూస్తున్నారట. మెడలో దండ పడింది. భుజాల మీద శాలువా పడింది. ఖాళీ చేయండి అనడానికి తెరిచిన నోటికి మైకు అందింది. మైకు దొరికితే గ్రంథాలయం సభ్యుడు ఏమవుతాడో మీకు తెలియంది కాదు. వాస్తుశిల్పి పుట్టుక దగ్గర ఎత్తుకుని, జనం జాగా ఊరికి ఊపిరితిత్తి లాంటిదని ముగించాను. అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టు గుమ్మంలో బావ కూడా కొట్టాడు, రెండు చేతులతో తన తలను.

చివరికి గట్టెక్కించింది మా అప్పే. కొట్టులోని బల్లను బెంచీ పక్కకి లాగించి, టీ, చిన్న చిన్న జీడిపప్పు పొట్లాలు పెట్టింది. ఆటో నిండేదాకా జనం ఏం చేస్తారు, నములుతారు. జీడిగింజ పండు బయట వేలాడినట్టు, మా కొట్టు ఇప్పుడు కొట్టు బయటే నడుస్తోంది. "ప్రజలు మనకేటవుతారో తెలిసిందిరా. బేరమవుతారు" అంది అప్ప.

ఇంకో మాట చెప్పాలి. గడువు అయిపోయిందని ఆ పుస్తకాన్ని నేను సగంలోనే తిరిగి ఇచ్చేశాను. ఈమధ్య మళ్లీ తెచ్చుకుని ఆఖరి అధ్యాయం చదివాను. అందులో ఆ మహానుభావుడు ముసలితనంలో వాపోయాడు. ఇన్ని నగరాల్లో ఇన్ని జాగాలు వదిలినా, గాలి తప్ప ఎవరూ రాలేదట. జనాన్ని రప్పించడం ఎలాగో చివరిదాకా ఆయనకు అంతుపట్టలేదట.

పరుగున వెళ్లి బావకు చదివి వినిపించాను. ఆయన జీవితమంతా రప్పించలేని జనాన్ని మన కంపెనీ వారంలో రప్పించిందన్నాను. బావ ఆటోల వరస వైపు చూశాడు.

"అయితే ఆ బాబుకి గున్నయ్య నంబరు ఇచ్చీ."

కనుక, అప్ప ఇచ్చిన టీ గ్లాసు చేతబట్టి, నిండిన ఆటోల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఆఖరి పేజీ దాకా చదవనిదే ఏ మహానుభావుణ్ణీ నమ్మను. సొంత జాగా ఉన్నవాడి గుమ్మం వైపు పెన్సిలు పట్టుకుని నడవను. జాగా లేనివాళ్లు మాత్రం నిర్భయంగా సలహాకు రావచ్చు.