సీసా అడుగున మిగిలిన నీళ్ళు

మా ఊరి పంచాయతీలో నేను వార్డు మెంబర్ని. గురజాల దగ్గర చిన్న పల్లె మాది. మెంబరంటే పెద్ద హోదా అనుకునేరు, వీధిలైటు వెలగకపోతే తిట్లు తినే పని. జీతం లేదు గానీ తిట్లకు లోటు లేదు.

మూడేళ్ళ కిందట మా ఎదురింటి పిన్ని మిరపకోతకు పోయి తిరిగొస్తూ డొంకలో పడిపోయింది. పొలాల నుంచి ఊళ్ళోకొచ్చే ఆ మట్టిబాటలో రెండు కిలోమీటర్ల పొడుగునా నిలబడదామంటే నీడ లేదు. వడదెబ్బ అన్నారు. నరసరావుపేట ఆసుపత్రిలో నాలుగు రోజులుంచి పంపారు. పిన్నికి సెంటు పొలం లేదు, కూలికి పోకపోతే గడవదు.

"ఎండలు ముదిరినయ్యో, నేను ముదిరానో అర్థం కావట్లా అబ్బాయ్" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆ ఏడు గ్రామసభలో పంచాయతీ ప్రణాళిక రాస్తుంటే కాయితంలో వాతావరణ మార్పు అని ఒక గడి వచ్చింది. అందులో ఏం రాయాలో తెలియక కార్యదర్శి పెన్ను పట్టుకుని మా మొహాలు చూస్తున్నాడు. నేను లేచాను. డొంక పొడుగునా వేపమొక్కలు నాటాలి, పత్తి తీశాక చేలో మిగిలే కట్టె తగలబెట్టడం మానాలి, తగలబెట్టిన వాళ్ళకు జరిమానా వెయ్యాలి అన్నాను. ఒక్కరూ కాదనలేదు. తీర్మానం కాయితం దాటి రాదని మా ఊరికి గట్టి నమ్మకం. కట్టెను ముక్కలు చేసి భూమిలో కలిపే మిషను కావాలని పైకి కూడా రాశాం.

మొక్కలొచ్చాయి. నాటాం, ఫోటోలు దిగాం. మొదటి ఎండాకాలానికే సగం పోయాయి. పంచాయతీ ట్యాంకరు తాగే నీళ్ళకే చాలదు, మొక్కలకెక్కడ పోస్తాం?

మిగిలిన వాటిని బతికించింది పిన్నే. కోతకు పోయే ఆడవాళ్ళు తలా ఒక పెద్ద కూల్‌డ్రింకు సీసాలో నీళ్ళు పట్టుకెళ్తారు. వచ్చేటప్పుడు అడుగున మిగిలిన వేడినీళ్ళు దారిలో పారబోస్తారు. పిన్ని ఆ నీళ్ళను మనిషికో మొక్క చొప్పున పోయించింది. ఎవరైనా ఖాళీ సీసా ఊపుకుంటూ వస్తే "ఏమే, అంతా తాగేస్తే నీ మొక్క ఏం తాగిద్దే" అని వెంటపడేది. అట్లా పద్దెనిమిది మొక్కలు నా భుజం దాకా వచ్చాయి. ఒకరోజు వాటిలో పెద్దదాని కింద కూర్చుని చూసింది. తల ఒక్కటే నీడలో పట్టింది. అయినా మురిసిపోయింది.

ఈ ఏడు పత్తితీత ముగిశాక నా మూడెకరాల కట్టె పీకించి డొంక అంచున కుప్పేశాను. మేమంతా చేసేది అదే. చేలో మంట పెడితే నేల మాడుతుందని కట్టెను డొంక మీదికి లాగి అక్కడ తగలబెడతాం. డొంక ఎవరిదీ కాదు కదా. మొక్కలు నాటింది కూడా ఆ అంచునే. తీర్మానం రాసిన రోజు ఈ సంగతి ఒక్కరికీ తట్టలేదు, లేచి మాట్లాడిన నాకూ తట్టలేదు.

మిషను రాలేదు. వ్యవసాయ ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగితే నాలుగుసార్లూ "ఇండెంట్ పెట్టాం" అన్నారు. గ్యాసు వచ్చాక పొయ్యిలోకి కట్టె ఊరికే ఇస్తానన్నా మోసుకుపోయేవాళ్ళు లేరు. కాలవకు నీళ్ళొదిలారు, నువ్వులు చల్లుకోవాలి, ట్రాక్టరు దిగే దారిలో కుప్ప ఉంది. "ఒరేయ్, కట్టె ఉంచితే కాయ తొలిచే గులాబీ పురుగు మళ్ళీ చేలో దిగిద్ది. నువ్వు మెంబరువని భయపడి ఆగిద్దా?" అన్నాడు పక్కచేను బాబాయి.

ఒక పొద్దున గాలి లేదని చూసుకుని నేనే అంటించాను. మొక్కలకు దూరంగానే అంటించాననుకున్నాను. కాసేపటికి గాలి లేచింది. మంట ఎండుగడ్డి పట్టుకుని డొంక వెంట పోయింది. పచ్చికొమ్మతో కొడుతూ నేనూ వెంట పరిగెత్తాను. ఏడ్చాను కూడా, పొగవల్ల అని చెప్పుకోను. పదకొండు మొక్కలు మాడిపోయాయి.

నేరుగా పంచాయతీ ఆఫీసుకు పోయి జరిమానా రాయమన్నాను. "మీకు రాస్తే ఊరందరికీ రాయాలి సార్, వదిలెయ్యండి" అన్నాడు కార్యదర్శి. వదిలేశాను. అంతకన్నా ఏం చెయ్యాలో నాకు తెలియలేదు.

సాయంత్రం ఆడవాళ్ళు కోత నుంచి వచ్చేసరికి డొంకలోనే ఉన్నాను. పిన్ని తన మొక్క దగ్గర ఆగింది. నల్లటి పుల్ల తప్ప ఏమీ లేదు. సీసా మూత తీసి, అడుగున ఉన్న నీళ్ళు ఆ పుల్ల మొదట్లో పోసింది.

"పిన్నీ, అంటించింది నేనే."

"తెలుసులే అబ్బాయ్. చేను నీదేగా." సీసాను చివరి చుక్కదాకా వంచింది. "వేరు బతికుంటే చిగురేసిద్ది. లేకపోతే మళ్ళీ నాటిచ్చు."

పిన్నికి అరవై దగ్గరపడుతున్నాయి. మళ్ళీ నాటితే అవి మనిషికి నీడయ్యేది ఎప్పటికని ఆవిడ అడగలేదు. కొంగు తలమీదికి లాక్కుని ఇంకా దిగని ఎండలో నడిచి వెళ్ళింది. తెల్లారితే మళ్ళీ మిరపకోత.