ఆరంగ్ దాకా చాలు

రాయపూర్ రైల్వే ఆఫీసులో పనిచేసే మాలతి మనుషుల తోడు కోసమే సైకిల్ క్లబ్బులో చేరింది. ఆదివారాలు అందరూ దగ్గర్లోని ఆరంగ్ ఊరి దాకా తొక్కి, టీ తాగుతూ కబుర్లాడేవారు. తర్వాత వాళ్లకు దూరాల పిచ్చి పట్టింది. ఆమె కూడా రెండు వందల కిలోమీటర్ల రైడుకు వెళ్లింది. గంటలోనే అందరూ ముందుకెళ్లి కనుమరుగయ్యారు. మిగతా పన్నెండు గంటలూ ఒక్కతే తొక్కింది.

"అక్కా, మూడు వందలకి పేరు రాసేయనా? ఆరామ్‌గా అయిపోతుంది," అన్నాడు రైడ్లు నడిపే యోగేష్.

చేయగలనని ఆమెకు తెలుసు.

"వద్దులే. ఒక్కదాన్నే ఉండటం ఇంట్లో అలవాటే. దానికి ఇరవై గంటలు తొక్కాలా? ఆదివారం ఆరంగ్ వస్తావా?"

"ప్రాక్టీసుంది అక్కా, చూద్దాం."

ఆదివారం ఎవరూ రాలేదు. ఆరంగ్‌లో ఒక్కతే టీ తాగి, మాలతి మెల్లగా రాయపూర్ వైపు తొక్కింది. ఇంటికి చేరాలన్న తొందరేమీ లేదు.