మా అమ్మ వినబడని ఇయర్‌ఫోన్లు

ఏ ఇయర్‌ఫోన్లలో సౌండ్ ఎలా ఉందో తేల్చి రాయడం నాకున్న పిచ్చి. ఈ వారం ఒక మిత్రుడు తన ఖరీదైన జత అరువిచ్చాడు. నిన్నంతా విని, "బాస్ అద్భుతం, లోతైన శబ్దాలు దద్దరిల్లుతున్నాయి, ఏ లోటూ లేదు" అని పెద్ద రివ్యూ రాసుకున్నాను. ఈ ఉదయం దాన్ని పోస్ట్ చేసే ముందు, కాస్త గొప్ప చూపించుకుందామని ఆ జత అమ్మ చెవుల్లో పెట్టాను.

ఆమదాలవలసలో మా బాప్టిస్టు చర్చి క్వయర్‌లో అమ్మ ముప్పై ఏళ్లుగా ఆల్టో, అంటే ఆడవాళ్ల సన్నగొంతులకి కాస్త కింద ఉండే మధ్య స్వరం, పాడుతోంది. డోలక్ మా మావయ్యది. మొన్న క్రిస్మస్‌కి వాళ్లు పాడిన రికార్డింగే వినిపించాను.

కాసేపటికి అమ్మ ముఖం ముడుచుకుంది.

"ఒరే, మీ మావ నా సెవిలోనే కూకుని కొడతన్నాడు. నానేటి, ఆ రోజు పాడనేదా?"

"పాడావమ్మా. జాగ్రత్తగా విను."

"నా గొంతు నాకు తెలీదేటి? ఇందులో నేదు."

తీసుకుని నేనూ విన్నాను. నిజమే. కింద డోలక్ దడదడలాడుతోంది, పైన సన్నగొంతులు మెరుస్తున్నాయి, మధ్యలో ఉండాల్సిన అమ్మ ఎక్కడో గోడ అవతల ఉంది. ఫోన్‌తో పాటు వచ్చిన పాత ఇయర్‌ఫోన్లు పెడితే మాత్రం అమ్మ గొంతు హాయిగా వినబడింది.

రివ్యూ మొత్తం చెరిపేసి ఒక్క వాక్యం రాశాను: "ఇందులో మా అమ్మ లేదు." మీరైతే ఎవరి గొంతు పెట్టి పరీక్షిస్తారో చెప్పండి.

అమ్మ మాత్రం నవ్వేసి, "మీ మావకి ఇనిపించు, మురిసిపోతాడు" అంది. మధ్యాహ్నం వినిపించాను. సాయంత్రమైంది, ఆయన ఇంకా చెవుల్లోంచి తీయలేదు.