పచ్చ లైటు దాటిన ప్రకాశం బావ

నిన్న పొద్దున ఫోన్ ఎత్తగానే మా అక్క ఏడుపు.

ప్రకాశం బావ నిద్రలోనే పోయాడట.

"మళ్ళ నాటకమా?" అన్నాను. నన్ను భయపెట్టడం ఆయనకు సరదా మరి.

నాటకం కాదు.

అయినా ఈ పోస్ట్ ఏడుస్తూ రాయను. మా బావ గెలిచి పోయాడు!

ఆ మధ్య లారీ గుద్దాక బావ నడుముకు ఆపరేషన్ అయింది. నొప్పి పోయింది, నొప్పి మాత్ర పోలేదు. నల్లమందు జాతి మాత్ర. డాక్టర్ మెల్లగా మాన్పించాడు. మేం లడ్డూలు పంచాం.

కొన్ని నెలలకు, మా వాళ్ల తెలివి చూడండి, అక్క తన బీపీ గోలీల కోసం ఆయన్నే నాచారం మెడికల్ షాపుకు పంపింది! పచ్చ ప్లస్ లైటు కనబడగానే బావ పాత మాత్ర అడిగాడు.

ఇంట్లో అందరూ "సిగ్గులేదా" అన్నారు. బావ అన్నం మానేశాడు.

అప్పుడొచ్చింది మా మనవరాలు స్నేహ. ల్యాబ్‌లో ఎలుకల మెదడు మీద రీసెర్చ్ చేస్తుంది. ఎలుకల డాక్టరమ్మ అని పేరు పెట్టింది నేనే.

"తాతా, ఎలుక మీట నొక్కితే లైటు వెలుగుతది, మందు వస్తది. రెండూ బంద్ జేస్తే మెల్లగ నొక్కుడు మానేస్తది. మళ్ళ ఉత్త లైటు వెలిగిస్తే సాలు, ఉరికొచ్చి నొక్కుతది. మందు రాకున్నా!"

"దానికీ సిగ్గులేదా?" అన్నాను.

"సిగ్గు గాదు, మెదడుల వైరింగ్. అండ్ల ఒక లైన్ సల్లబరిస్తే లైటు వెలిగినా అంతగనం ఉరకదు."

ఎగిరి గంతేశాను! మోకాలు కలుక్కుమంది. బావ నవ్వాడు.

"నా లైన్ గూడ బంద్ జెయ్యరాదే బిడ్డా?"

"మనుషులకు ఇంక గంత దూరం రాలే తాతా. మళ్ళ డాక్టర్ దగ్గరికి పోదాం. ఆ లైటున్న తొవ్వ ఇడిసిపెట్టు."

అప్పట్నుంచి మా వాకింగ్ ఉప్పల్ మెట్రో పిల్లర్ల కింద. నేను "ఏం ఎలుకా" అంటే, ఆయన "ఏంరా పందికొక్కూ" అనేవాడు.

పోయిన ఆదివారం సాయంత్రం చర్చి నుంచి వస్తూ తనే పాత తొవ్వ పట్టాడు.

లైటు వెలుగుతోంది.

నా చెయ్యి పిసికేస్తూ షాపు దాటాడు.

"ఇడువు బావా, ఏళ్లు ఇరుగుతయ్!"

"జర ఆగు బామ్మర్ది. లైటు ఇంకా ఎనకనే ఉంది."

ఇవాళ బావను సమాధుల తోటకు తీసుకెళ్తుంటే ట్రాఫిక్‌లో బండి సరిగ్గా ఆ షాపు ముందే ఆగింది.

పచ్చ లైటు.

నేనే బావ చెయ్యి పట్టుకున్నాను. ఈసారి ఆయన పిసకలేదు.

పోయిరా ఎలుకా. ఏ లైటూ పిలవని చోట కమ్మగా నిద్రపో.

నీ పందికొక్కు