నక్క మెడలో తీగ

కొన్నేళ్ళుగా ఒక విషయం నా లోపలే ఉండిపోయింది. ఇదీ ఒక తప్పేనా అంటారేమో మీరు. నేనూ అలా అనుకుని వదిలేద్దామని చాలాసార్లు చూసా. కుదరలేదు.

మాది జగ్గయ్యపేట. పప్పుల హోల్‌సేల్ షాపు. వారమంతా షాపులోనే ఉన్నా, ఆదివారం మాత్రం కెమెరా పట్టుకుని స్కూటీ మీద పొలాల వైపు పోయేదాన్ని. పిట్టలు, కుందేళ్ళు, ఏది కనపడితే అది తీసేదాన్ని.

పద్మక్కది ఊరి బయట పత్తి చేను. మా షాపుకి ఎప్పట్నించో వచ్చే మనిషి, నాకు సొంత అక్క లెక్క. చేను పక్కనే రాయి తవ్వి వదిలేసిన క్వారీ గుంత ఉంది. అందులో నక్క పిల్లల్ని పెట్టిందని ఫోన్ చేసి చెప్పింది తనే. ఆ సాయంత్రం ఇద్దరం పత్తి చెట్ల చాటున కూర్చున్నాం. ఎండ వాలాక తల్లి బయటికొచ్చింది, వెనకే పిల్లలు. తల్లి తలెత్తి సరిగ్గా మా వైపు చూసింది. ఆగకుండా తీసా.

ఇంటికొచ్చి కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తే అప్పుడు కనపడింది. మెడ చుట్టూ సన్నటి ఇనప తీగ. అడవిపందుల కోసం చేల గట్ల మీద పెట్టే ఉచ్చు. తెంపుకుని వచ్చినట్టుంది. బొచ్చు చీలి, కింద చర్మం ఎర్రగా తడిగా ఉంది.

నాకేమనిపించింది? జాలి కలగలేదు. ఇంత మంచి ఫొటో పాడైపోయిందే అనిపించింది.

పక్కనున్న బొచ్చుని కాపీ చేసి తీగ మీద అద్దా. ఎర్రదనం తగ్గించా. కప్పులో టీ చల్లారేలోపు అయిపోయింది.

మర్నాడు పద్మక్క షాపుకొస్తే ఫోన్లో చూపించా. చాలాసేపు చూసింది.

"నిన్న దాని మెడ దగ్గర ఏదో మెరిసినట్టనిపించింది అమ్మాయ్. ఉచ్చేమోనని రాత్రంతా అదే ఆలోచన. ఫారెస్టు వాళ్ళకి ఫోన్ చేయిద్దామని వచ్చా. ఇందులో ఏం లేదే?"

"ఏం లేదక్కా. ఎండ పడి మెరిసుంటుంది."

"అంతేనంటావా?"

"నేను పెద్దది చేసి చూసాగా."

"అయితే నా కళ్ళే. పోనీలే, మంచిదేగా" అని కందిపప్పు తీసుకుని వెళ్ళిపోయింది.

అప్పుడైనా చెప్పొచ్చు. ఎందుకు చెప్పలేదు? ఫారెస్టు వాళ్ళొస్తే అసలు ఫొటో అడుగుతారు. అప్పటికే నేను దాన్ని పోటీకి పంపాలనుకుంటున్నా, ఆ పోటీలో ఫొటోలోంచి ఏదీ చెరపకూడదు. ఆ క్షణంలో ఇదంతా లెక్కేసుకున్నానా, లేక నోటికొచ్చిన అబద్ధం ఆడేసి తర్వాత ఈ కారణం వెతుక్కున్నానా, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నా.

కొన్నాళ్ళకి గుంతలో నక్క చచ్చిపడి ఉందని పద్మక్కే చెప్పింది. అప్పటికే కుక్కలు లాగేసాయట, దేంతో చచ్చిందో తెలియలేదట. పిల్లలు మళ్ళీ కనపడలేదు. తర్వాత నా ఫొటోకి బహుమతి వచ్చింది. విజయవాడలో శాలువా కప్పారు. కప్పించుకున్నా.

నన్ను ఎక్కువ బాధపెట్టేది అది కూడా కాదు. ఆ ఏడాదే పద్మక్క కళ్ళు చూపించుకుంటానంటే నందిగామ తీసుకెళ్ళా. లేనివి ఉన్నట్టు కనిపిస్తున్నాయండి అని చెప్పింది డాక్టరుతో. ఆయన గోడ మీద బోర్డు చదవమన్నాడు. కింది వరసలో చిన్న అక్షరాలతో సహా తడుముకోకుండా చదివేసింది. చూపు బాగుంది, అద్దాలక్కర్లేదన్నాడాయన. బస్సులో నా పక్కన కూర్చుని, మరి ఆ రోజు అలా ఎందుకు కనపడిందో అని తనలో తనే అనుకుంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నా.

ఫారెస్టు వాళ్ళొస్తే నక్క బతికేదా? ఏమో. కానీ పద్మక్క అప్పట్నించీ పత్తి ఆకు తెచ్చి, ఇది తెగులేనా, నువ్వోసారి చూడమ్మాయ్ అంటుంది. పుట్టినప్పట్నించీ చేలో ఉన్న మనిషి. నేను చూసి చెప్తా.

ఆమెకింకా చెప్పలేదు. చెప్తానని మాటివ్వలేను, నా సంగతి నాకు తెలుసు. మెడలో తీగ ఉంది. పద్మక్క చూసింది నిజమే. నేనూ చూసా. ఈ మూడు ముక్కలూ ఇవాళే మొదటిసారి బయటపెట్టా. మిమ్మల్ని క్షమించమనడం లేదు, అది మీ చేతిలో లేదు. రాసాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. ఆ తేలిక నాకు దక్కాల్సిందేనా అంటే మాత్రం, తెలీదు.